ఊరిని ‘ప్లాస్టిక్ రహితం’ చేస్తే మా డ్రిప్పు పైపుల సంగతేంటి?

ప్రశ్న
అడిగినవారు: బయాలజీ టీచర్, హిందూపురం వైపు

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. మా ఊరిని ప్లాస్టిక్ రహిత గ్రామంగా ప్రకటించాలని పంచాయతీలో తీర్మానం పెట్టబోతున్నారు. ఆ రోజు గ్రామసభలో మా తొమ్మిదో తరగతి పిల్లలు మాట్లాడాలి. నష్టాల గురించి వాళ్ళకు నేను కొత్తగా చెప్పాల్సింది పెద్దగా లేదు. కాలువల్లో, చెరువుకట్ట మీద కవర్లు వాళ్ళు రోజూ చూస్తూనే ఉన్నారు.

నిన్న క్లాసులో ఒక పిల్లాడు లేచి, “మేడమ్, మరి మా చేన్లో డ్రిప్పు పైపులు కూడా తీసేయాలా? తీసేస్తే చెట్లకు నీళ్లెట్ల?” అని అడిగాడు. వెంటనే వెనక బెంచీ అమ్మాయి, “మా అవ్వకు డయాలసిస్ చేసే ట్యూబులు కూడా ప్లాస్టిక్కే కదా” అంది. పాఠ్యపుస్తకంలో ప్లాస్టిక్ ఉపయోగాలంటే తేలిక, చవక, తుప్పు పట్టదు అని ఒక లైను ఉంటుంది. ఈ పిల్లలకు అది చాలదు.

మీ పనిలో, మీ ఇంట్లో ప్లాస్టిక్ నిజంగా ఏ పని చేసిపెడుతోంది? అంతకుముందు ఏం వాడేవాళ్ళు? పాడయ్యాక దాన్ని ఏం చేస్తున్నారు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి. పిల్లలకు చదివి వినిపిస్తాను.

---

జవాబు
చీనీతోట, నార్పల

టీచరమ్మా, ఆ పిల్లాడి ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. డ్రిప్పు పైపులు తీయకూడదు. ఎందుకో పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మాది చీనీ (బత్తాయి) తోట. మా అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అది కూడా అదునుకు పడదు. కాబట్టి తోట ప్రాణమంతా బోరు మీదే. మా నాయన సేద్యం చేసినప్పుడు బోరు నీళ్లను మట్టికాలువలో పారించి, ఒక్కో చెట్టు పాదులోకి తిప్పేవాళ్ళం. ఎర్రనేల, కాలువ పొడుగునా నీళ్లు తాగేసేది. బోరు దగ్గరి చెట్లకు పాదు నిండి పొర్లిపోయేది. చేను చివర చెట్లకు నీళ్లు చేరేలోపు కరెంటు పోయేది. కరెంటు రాత్రి వస్తే రాత్రే పోవాలి. ఒక చేత్తో టార్చిలైటు, ఒక చేత్తో పార. మడవ తిప్పుకుంటూ తెల్లారిపోయేది. పురుగూ పుట్రా భయం ఒకవైపు, మర్నాడు మళ్ళీ చేలో పని ఒకవైపు.

తర్వాత సూక్ష్మసేద్యం పథకం కింద డ్రిప్పు వేయించుకున్నాం. ఆ పథకం మన రాష్ట్రంలో 2003 నవంబరులో మొదలైంది. మేము వేయించుకునేటప్పటికి మా వంతు పదో భాగం కడితే సరిపోయింది.

మా డ్రిప్పులో ప్లాస్టిక్ కానివి వెతికితే మోటారు, ప్రెషర్ గేజి, కొన్ని బోల్టులు తేలుతాయి. మిగతాదంతా ప్లాస్టిక్కే, కానీ ఒకే రకం కాదు. ఇది పిల్లలకు తప్పకుండా చెప్పండి. బోరు నుంచి చేలోకి పోయే మెయిన్ పైపు పీవీసీ. అది గట్టిది, ప్రెషర్ తట్టుకుంటుంది, కానీ ఎండలో ఉంటే పెళుసెక్కిపోతుంది. అందుకే రెండడుగుల లోతున పూడ్చేశాం. దాని నుంచి చెట్ల వరుసల్లోకి పోయే 16 మిల్లీమీటర్ల లేటరల్ పైపులు పాలిథీన్ జాతివి. అవి మెత్తగా వంగుతాయి, ఏళ్ల తరబడి నేల మీద ఎండలోనే పడి ఉంటాయి. వాటి నలుపుకు కారణం అందులో కలిపే కార్బన్ మసి. ఎండలో పైపును చెడగొట్టే కిరణాలను ఆ మసి అడ్డుకుంటుంది. వెలుతురు లోపలికి పోదు కాబట్టి పాచి కూడా అంత తొందరగా పట్టదు.

ఇక లెక్క చూడండి. ఇరవై అడుగుల ఎడంతో నాటితే ఎకరాకు 108 చెట్లు వస్తాయి. కాపుకొచ్చిన చెట్టుకు గంటకు 8 లీటర్లు బొట్లుగా వదిలే డ్రిప్పర్లు నాలుగు పెట్టామనుకోండి, చెట్టుకు గంటకు 32 లీటర్లు. ఎకరానికి గంటకు మూడున్నర వేల లీటర్ల లోపే. బోరు ఆ మాత్రం పోస్తే ఎకరమంతా ఒకేసారి తడుస్తుంది. మొదటి చెట్టుకు ఎన్ని నీళ్లో చివరి చెట్టుకూ దాదాపు అన్నే. కాలువ తవ్వే పని లేదు, మడవ కట్టే పని లేదు. గేటు వాల్వు తిప్పి ఇంటికి రావచ్చు. యూరియా కూడా వెంచురీ (ఎరువు ద్రావణాన్ని పైపులోకి పీల్చే పరికరం) పెట్టి నీళ్లతోనే పంపిస్తాం, నేరుగా వేళ్ళ దగ్గరికి పోతుంది.

ఇదే పని ఇనుప పైపుతో ఎందుకు చేయకూడదని పిల్లలు అడగొచ్చు. మా బోర్లలో ఉప్పు ఎక్కువ. ఇనుము తుప్పు పడుతుంది. ఆ తుప్పు రజను డ్రిప్పర్ లోపలి సన్నదారిలో ఇరుక్కుందంటే ఆ చెట్టుకు నీళ్లు బంద్. పైగా వందల మీటర్ల లేటరల్ చుట్టను ఒక్క మనిషి భుజాన వేసుకుని వరుస వెంట పరుచుకుంటూ పోతాడు, ఇనుముతో అది అయ్యే పనేనా? చెట్టు పెరిగే కొద్దీ వేళ్ళు బయటికి పాకుతాయి, డ్రిప్పర్లను మొదలు నుంచి దూరం జరపాలి. పాత రంధ్రానికి చిన్న బిరడా కొట్టి, కొత్తచోట పంచ్‌తో పొడుచుకుంటాం. నిమిషం పని.

బొట్లు బొట్లుగా నీళ్లివ్వాలన్న ఆలోచన పాతదే. కుండ సేద్యం గురించి మన పెద్దలకూ తెలుసు, చెట్టు పక్కన మట్టికుండ పాతి నీళ్లు పోస్తే ఊరుతూ ఉంటుంది. ఇజ్రాయెల్‌లో సిమ్చా బ్లాస్ అనే ఇంజనీరు, కారుతున్న పైపు పక్కన ఒక చెట్టు మాత్రం ఏపుగా పెరగడం 1930ల్లోనే గమనించారు. కానీ చవకైన ప్లాస్టిక్ గొట్టం చేతికి వచ్చాక, 1960ల్లోనే ఆ ఆలోచన పొలాల్లోకి దిగింది. అంతకాలం ఆగింది బుర్ర లేక కాదు, తగిన గొట్టం లేక.

తిప్పలు లేవని చెప్పను. ఉప్పునీళ్ల వల్ల డ్రిప్పర్ మూతి దగ్గర తెల్లగా పొక్కు కడుతుంది. కంపెనీ వాళ్ళు చెప్పిన మోతాదులో యాసిడ్ కలిపిన నీళ్లు పంపి, ఒక రోజు ఉంచి కడిగేయాలి. ఫిల్టరు విప్పి కడుగుతూ ఉండాలి. ఎండాకాలం ఉడతలు, ఎలుకలు దాహానికి పైపు కొరికేస్తాయి. వాటిని కసురుకోవడం కంటే అక్కడక్కడ చెట్ల కింద మట్టి మూకుళ్ళలో నీళ్లు పెట్టడం మేలు. మా తోటలో అలా పెట్టినప్పటి నుంచి కొరుకుడు బాగా తగ్గింది.

కరువు సంవత్సరాల్లో మా చుట్టుపక్కల ఎన్నో తోటలు ఎండిపోతే, చెట్లు నరికి కట్టెలకు అమ్ముకున్నారు. కాపుకొచ్చిన చెట్టును, చంటిబిడ్డలా సాకిన చెట్టును, ఆ రైతే దగ్గరుండి నరికించాలి. అది కళ్ళారా చూసినవాణ్ణి. ఉన్న కాసిన్ని నీళ్లతో ఒక తోటను వేసవి దాటించే నల్ల పైపును, టీ తాగి పారేసే కప్పును ఒకే తీర్మానంలో కట్టిపడేస్తామంటే నాకు బాధ కలుగుతుంది. మీ పంచాయతీ వాళ్ళకు ఈ మాట గట్టిగా చెప్పండి.

పాడయ్యాక ఏం చేస్తామంటారా. లేటరల్ పైపులను చుట్టలు చుట్టి పాత సామాన్ల వాళ్ళకు కేజీల లెక్కన అమ్ముతాం. వాటిని కరిగించి గుళికలు చేస్తారు, మళ్ళీ వేరే సామాన్లకు పనికొస్తాయి. పీవీసీ ముక్కలను వాటితో కలపకూడదు, కరిగించేటప్పుడు మొత్తం చెడిపోతుంది. చేలో కుప్పేసి కాల్చడం మాత్రం పాపం. పీవీసీ కాలితే ఆమ్లం పొగ వస్తుంది, కళ్ళూ ఊపిరితిత్తులూ మండుతాయి.

వేరుశనగ ఆరబోసే పట్టల గురించి కూడా రాయాలని ఉంది. కళ్ళంలో కాయ ఉన్నప్పుడు మబ్బు పడితే టార్పాలిన్ పట్ట ఒక్కటే దిక్కు. తడిసిన కాయకు బూజు పడితే మనిషీ తినకూడదు, గొడ్డుకూ పెట్టకూడదు.

---

జవాబు
రక్తనిధి ల్యాబ్ టెక్నీషియన్, కర్నూలు

టీచర్ గారూ, డయాలసిస్ అడిగిన అమ్మాయికి ముందు చెప్పండి. అవ్వగారి రక్తాన్ని శుభ్రం చేసే డయలైజర్ లోపల వెంట్రుక మందాన బోలు దారాలు వేల సంఖ్యలో ఉంటాయి. అవీ ప్లాస్టిక్ జాతివే. రక్తం ఆ దారాల లోపల పారుతుంది, బయట శుద్ధి చేసే ద్రవం పారుతుంది, దారం గోడల్లోని అతిసన్న రంధ్రాల గుండా మలినాలు బయటికి వెళ్తాయి.

నా పని రక్తం సంచులతో. ఒకప్పుడు రక్తాన్ని గాజు సీసాల్లో పట్టేవారు. సీసా పగిలేది, కడిగి మళ్ళీ వాడాలి, గాలి లోపలికి వెళ్ళే ప్రమాదం ఉండేది. 1950 ప్రాంతంలో అమెరికాలో కార్ల్ వాల్టర్ అనే సర్జన్ ప్లాస్టిక్ సంచిని తెచ్చారు. మన దేశంలో ఆ సాంకేతికతను తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ అభివృద్ధి చేసింది.

సంచి వల్ల వచ్చిన అసలు లాభం ఒక దాత రక్తాన్ని విడదీయగలగడం. 350 లేదా 450 మిల్లీలీటర్లు పట్టాక, సంచిని సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పుతాం. బరువైన ఎర్రకణాలు అడుగుకు దిగుతాయి. సంచిని మెల్లగా నొక్కితే పైనున్న ప్లాస్మా, ట్యూబు ద్వారా పక్కనే అతికి ఉన్న ఇంకో సంచిలోకి వెళ్తుంది. బయటి గాలి తగలదు. గాజు సీసాను నొక్కలేం కదా. ఎర్రకణాలు 2 నుంచి 6 డిగ్రీల చలిలో, రక్తం గడ్డకట్టకుండా చూసే సీపీడీఏ ద్రావణం ఉన్న మామూలు సంచిలో 35 రోజులు నిలుస్తాయి. ప్లేట్‌లెట్లకు చలి పనికిరాదు, 20 నుంచి 24 డిగ్రీల్లో ఊపుతూ 5 రోజులే ఉంచాలి. వాటి సంచి గోడ గుండా ఆక్సిజన్ లోపలికి, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవాలి. అందుకు తగ్గట్టే ఆ ప్లాస్టిక్‌ను తయారుచేస్తారు. డెంగీ కాలంలో జనం అర్ధరాత్రి టెన్షన్‌తో పరుగెత్తుకొచ్చేది ఆ సంచుల కోసమే.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఈ సంచులు పీవీసీవి. అది మెత్తబడడానికి కలిపే పదార్థం కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. పసిపిల్లల విషయంలో అది ఆందోళన కలిగించే సంగతే, మార్పు కోసం ప్రయత్నాలు జరుగుతున్నాయి. అయితే అదే పదార్థం నిల్వలో ఎర్రకణాలు చిట్లకుండా కూడా కాపాడుతుంది. అందుకే వదిలించుకోవడం అంత సులువు కాలేదు. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాలు క్లోరిన్ ఉన్న (పీవీసీ లాంటి) ప్లాస్టిక్ సంచులను ఆపాలన్నాయి. 2018 సవరణలో రక్తం సంచులను అందులోంచి మినహాయించారు. వాడిన రక్తం సంచులు మా దగ్గర పసుపు సంచిలోకి, ట్యూబుల్లాంటివి ఎరుపు సంచిలోకి వెళ్తాయి. ఒకదానిలోది ఇంకొకదానిలో పడకుండా చూడడం మా రోజువారీ పనిలో భాగం.

---

జవాబు
నీలి బిందె, కనిగిరి

టీచరమ్మా, పెద్ద పెద్ద విషయాలు చెప్పారు. నేను బిందె గురించి చెబుతాను. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్, తాగడానికి పనికిరావు. ట్యాంకరు వస్తేనే నీళ్లు. మా అత్తమ్మ వాళ్ళు ఇత్తడి బిందె, మట్టి కడవ మోసేవాళ్ళు. ఇత్తడి బిందె ఖాళీదే బరువు, నిండితే నడుం విరిగేది. కడవ జారిందంటే నీళ్లూ పోయె, కడవా పోయె. ఇప్పుడు ట్యాంకరు హారన్ వినపడితే పదేళ్ల పిల్ల కూడా నాలుగు ప్లాస్టిక్ బిందెలు తీసుకెళ్ళి వరుసలో పెడుతుంది. మా వీధిలో బిందె రంగును బట్టే ఎవరిదో చెబుతారు.

చిన్న పగులు వస్తే కాల్చిన గరిటె కాడతో అతికిస్తాం. ఇక లాభం లేదనుకుంటే సగానికి కోసి కరివేపాకు మొక్క పెట్టుకుంటాం. మా ఇంట్లో పారేసిన బిందె ఒక్కటి కూడా లేదు. అయితే రంగుల డబ్బాల్లో తాగునీళ్లు పట్టకండి, పెయింటు డబ్బా ఎంత కడిగినా పెయింటు డబ్బానే.

---

జవాబు
చెరువుగట్టు, వరంగల్

చీనీతోట అన్నా, డ్రిప్పు గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ వ్యవసాయం పేరుతో ప్లాస్టిక్ అంతా మంచిదే అన్నట్టు వెళ్తోంది చర్చ. మా దగ్గర మిర్చికి, పుచ్చకు మల్చింగ్ షీటు, అంటే మొక్కల చుట్టూ నేలను కప్పే పలుచటి ప్లాస్టిక్ పట్ట, పరుస్తున్నారు. పంట అయ్యాక చాలామంది దాన్ని ఎత్తకుండానే రోటవేటర్ కొట్టేస్తున్నారు. చేతితో మట్టి తీస్తే వెండిరంగు ముక్కలు వస్తున్నాయి. గాలికి కొట్టుకొచ్చి చెరువులో పడుతున్నాయి. పశువులు తింటున్నాయి. ఇది కూడా రైతు ప్లాస్టిక్కే కదా. దీన్ని ఏ లెక్కలో వేస్తారు?

---

జవాబు
చీనీతోట, నార్పల

తమ్ముడూ, నువ్వు అడిగింది న్యాయమైన మాట. మల్చింగ్ షీటును నేను డ్రిప్పు లెక్కలో వేయను.

షీటు వల్ల లాభం ఉంది, దాన్ని కాదనలేం. కలుపు రాదు, తేమ ఆరదు, కాయ మట్టికి తగలదు. మా పక్క చేను పుచ్చ రైతు కలుపు కూలి సగానికి సగం మిగిలిందంటాడు. కానీ లేటరల్ పైపు ఏళ్ల తరబడి పనిచేస్తుంది, షీటు ఒక పంటకో రెండు పంటలకో చిరిగిపోతుంది. పైగా మట్టి అంటుకుని ఉంటుంది కాబట్టి పాత సామాన్ల వాళ్ళు తీసుకోరు. రైతుకు దాంతో పైసా రాదు, అందుకే దున్నేస్తున్నాడు.

నేను చూసినంతలో తేడా మందం దగ్గరే వస్తోంది. 30 మైక్రాన్ల షీటైతే ఒక అంచు పట్టుకుని చుట్టుకుంటూ పోవచ్చు. ఇంకా పలుచనిది కొంటే ముట్టుకున్నచోటల్లా పీలికలవుతుంది, కావాలన్నా ఎత్తలేం. ధర తక్కువని పలుచటి షీటు కొనడం మన నేలకు మనం చేసే అన్యాయం. పంట తీసిన వెంటనే, ఎండకు పెళుసెక్కకముందే ఎత్తాలి. అమ్మేవాడే పాత షీటు వెనక్కి తీసుకోవాలన్న షరతు పెడితే ఇది చాలావరకు సర్దుకుంటుందని నా నమ్మకం. రాయితీ ఇచ్చేచోట ఆ షరతు పెట్టడం కష్టమేమీ కాదు.

చీనీ చెట్ల కింద నేను షీటు వేయను. వేరుశనగ పొట్టు, ఎండుగడ్డి పరుస్తాను. తేమ నిలుస్తుంది, కుళ్ళి నేలకే బలం. మూడు నాలుగు నెలల మిర్చికి అంత పొట్టు ఎక్కడి నుంచి తేవాలంటే మాత్రం నా దగ్గర సమాధానం లేదు.

---

జవాబు
బయాలజీ టీచర్, హిందూపురం వైపు

అందరికీ ధన్యవాదాలు. సర్పంచ్ గారితో, కార్యదర్శితో మాట్లాడాను. ‘ప్లాస్టిక్ రహితం’ అన్న మాట తీసేసి, ‘ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ లేని ఊరు’ అని రాయడానికి ఒప్పుకున్నారు. ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్ట్రాలు, స్పూన్ల మీద దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధం ఉంది. 120 మైక్రాన్ల కంటే పలుచటి క్యారీ బ్యాగులు కూడా కుదరవు. కాబట్టి ఊళ్లో కొత్తగా చేయాల్సింది వాటిని నిజంగా ఆపడం, పాత పైపులు, షీట్లు తెచ్చి పెట్టడానికి పంచాయతీ స్థలంలో ఒక గది చూపడం. షీటు వెనక్కి తీసుకునే షరతు గురించి పిల్లలు విడిగా అర్జీ రాస్తున్నారు.

చీనీతోట అన్నా, పిల్లలను డ్రిప్పు చూడడానికి ఒక తోటకు తీసుకెళ్తున్నాను. ఊరికే చూసి రావడం కాకుండా వాళ్ళ చేత ఏదైనా కొలిపించవచ్చా?

---

జవాబు
చీనీతోట, నార్పల

బ్రహ్మాండంగా కొలిపించవచ్చు టీచరమ్మా. రెండు మూడు కొలపాత్రలు, ఒక గడియారం తీసుకెళ్ళండి. వాల్వు తిప్పాక కాసేపు ఆగండి, లైన్లన్నీ నిండాలి. తర్వాత బోరుకు దగ్గరి చెట్టు, మధ్య చెట్టు, చివరి చెట్టు దగ్గర డ్రిప్పర్ కింద చిన్న గుంట తీసి పాత్ర పెట్టించండి. డ్రిప్పర్ గంటకు 8 లీటర్లదైతే పావుగంటకు రెండు లీటర్లు పడాలి. మూడుచోట్లా ఎంత పడిందో పిల్లలు రాసుకోవాలి.

చివరి చెట్టు దగ్గర బాగా తక్కువ వస్తే, ఆ లైను కొసన మడతపెట్టిన మూత విప్పి నీళ్లు వదలమనండి. ఎర్రగా మురికి వస్తుంది. తేటగా వచ్చేదాకా వదిలి, మూత బిగించి మళ్ళీ కొలవండి. ఆ రైతుకూ మేలు చేసినట్టవుతుంది. ఎండెక్కక ముందే వెళ్ళండి. ఆ ప్రశ్న అడిగిన పిల్లాడికి ఫిల్టరు విప్పి కడిగే పని ఇప్పించండి.